ప్యాకెట్ మీద త్రికోణం ఉంటే రీసైకిల్ అయినట్టేనా? మరి కబాడీ అన్న ఎందుకు వెనక్కి ఇచ్చేశాడు?

శ్రావణమేఘం (మియాపూర్)

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఊరుకోలేక "పొడి చెత్త ఎవరూ సరిగ్గా వేరు చేయట్లేదు" అన్నాను. అన్నవాళ్ల నెత్తినే పడుతుంది కదా, నాకూ అలాగే పడింది. ఇప్పుడు 64 ఫ్లాట్ల పొడి చెత్తకి నేనే ఇన్‌చార్జిని. జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

సరే, ఏది అమ్ముడుపోతుందో, ఏది పొడి చెత్త నీలం డబ్బాలో వేసి ఊరుకోవాలో అందరికీ తెలిసేలా లిఫ్ట్ పక్కన ఒక చార్టు పెడదామనుకున్నాను. ఆదివారం పొద్దున్నే మా ఇంటి చెత్తనే బాల్కనీలో పేపరు మీద పరుచుకుని కూర్చున్నాను. ప్లాస్టిక్ వస్తువుల మీద బాణాల త్రికోణం, అందులో ఒక అంకె ఉంటాయి, అది చూసుకుంటే చాలు అని ఎక్కడో చదివాను. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

షాంపూ సీసా అడుగున 2. బాగుంది. దాని మూత మీద ఏమీ లేదు. నీళ్ల సీసా మీద 1 ఉంది కానీ అది సీసా రంగులోనే ఉబ్బెత్తుగా ఉంది, కళ్లజోడు పెట్టుకుని ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే గానీ కనపడలేదు. శనివారం తెప్పించుకున్న బిర్యానీ డబ్బా కింద 5. ఒక చిప్స్ ప్యాకెట్ మీద 7. ఇంకో కంపెనీ చిప్స్ మీద అసలు త్రికోణమే లేదు, బుట్టలో చెత్త వేస్తున్న మనిషి బొమ్మ ఉంది. జ్యూస్ డబ్బా మీదైతే చెట్టు బొమ్మ, ఆకు బొమ్మ, వేరే రకం బాణాలు, చూస్తే తాగేసిన డబ్బా కాదు, ఏదో నర్సరీ పాంప్లెట్ అనుకోవాలి.

బాణాలున్నవన్నీ ఒక సంచిలో వేసి కబాడీ అన్నకి ఇచ్చాను. ఆయన ఆ గుర్తుల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నీళ్ల సీసాలు, షాంపూ సీసా తీసుకుని, బిర్యానీ డబ్బాలూ చిప్స్ ప్యాకెట్లూ "ఇవి పోవమ్మా" అని మా గుమ్మం ముందే పెట్టి వెళ్లిపోయాడు. అన్నిటి మీదా ఉన్నది అదే త్రికోణం కదండీ!

ఇంకోటి. బట్టల షాపులో ఇచ్చిన కవరు మీద "నేను ప్లాస్టిక్ కాదు, మట్టిలో కలిసిపోతాను" అని పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటే నిజమే కాబోలని టెర్రస్ మీద కంపోస్టు డ్రమ్ములో వేశాను. మూడు నెలల తర్వాత తవ్వితే అరటి తొక్కలు మట్టి అయిపోయాయి, కవరు మాత్రం మీద ఉన్న వాక్యంతో సహా భద్రంగా ఉంది.

మా అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. కేక్ ప్యాకెట్ తిప్పి ఆకుపచ్చ చుక్క ఉందో లేదో ఒక్క క్షణంలో చూసి పక్కన పెడుతుంది. బాల్కనీలో నా అవస్థ చూసి "గుడ్డు సంగతి చుక్క చెప్తుంది, చెత్త సంగతి చెప్పే చుక్క పెట్టలేకపోయారా?" అంది. నా ప్రశ్న కూడా అదే. ఈ అంకెలు నమ్మాలా వద్దా? చార్టులో ఏం రాయమంటారు?

భోలక్‌పూర్_గోదాం

మేడం, కబాడీ అన్న తప్పేం లేదు. మా నాన్నకి స్క్రాప్ గోదాం ఉండేది, నేను ఆ బస్తాల మధ్యే పెరిగాను, ఏరేవాళ్లలో ఒక్కరు కూడా అంకె చూడటం నేను ఎప్పుడూ చూడలేదు. అంత టైమ్ ఎక్కడిది? మా దగ్గర ఒక పెద్దమ్మ ఉండేది, బొటనవేలితో ఒకసారి నొక్కి కుడి వైపుకో ఎడమ వైపుకో విసిరేసేది, నేను అడిగే లోపల పది సీసాలు అయిపోయేవి. నలిపితే చప్పుడు చేయకుండా మెత్తగా సాగేది పాల కవరు రకం. చరచరమనేది బట్టల ప్యాకింగ్ రకం. సీసాలో గాజులాగా మెరిసేది ఒకటి, పాలలాగా మసకగా ఉండేది ఇంకొకటి. డౌట్ వస్తే చిన్న ముక్క కోసి నీళ్లలో వేస్తారు. నీళ్ల సీసా ముక్క మునుగుతుంది, దాని మూత ముక్క తేలుతుంది. కాటేదాన్ వైపు రీసైక్లింగ్ యూనిట్లలో గ్రైండ్ చేశాక తొట్లో వేసి వేరు చేసేది కూడా ఈ లెక్కతోనే. ఆ తర్వాత కరిగించి దానా, అంటే ప్లాస్టిక్ గింజలు, చేస్తారు.

మీ బిర్యానీ డబ్బా సంగతి. 5 అంటే పీపీ (పాలీప్రొపిలీన్), మంచి మాలే. కుర్చీలకీ బకెట్లకీ వాడే రకం. మరి ఎందుకు వద్దన్నాడు? దానికి నూనె, మసాలా, అడుగున రెండు మెతుకులు. బస్తా నిండా వేసినా బరువు తూగదు, పైగా రెండో రోజుకే వాసన, ఎలుకలు. కడిగి ఆరబెట్టి ఒకదాంట్లో ఒకటి పేర్చి యాభై అరవై ఒకేసారి ఇవ్వండి, తీసుకునే ఛాన్స్ ఉంది. నల్ల డబ్బాలకి ధర ఇంకా తక్కువ, ఎందుకంటే నల్ల మాల్ నుంచి నల్లదే వస్తుంది, వేరే రంగు వేయలేరు.

చిప్స్ ప్యాకెట్ అసలు పోదు. అది ఒక ప్లాస్టిక్ కాదు, రెండు మూడు పొరలు అంటించింది, లోపల వెండి రంగు పూత. ఆ పొరలు విడదీసేవాడు మన బజార్లో లేడు. ఎక్కడైనా పోగు చేస్తే సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో బొగ్గుతో పాటు కాల్చడానికి పోతుంది. దాన్ని రీసైకిల్ అనాలో వద్దో మీరే చెప్పండి.

ఒక రిక్వెస్టు. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కోసెయ్యకండి. చిన్న గాటు పెట్టండి, ఆ ముక్క కవరుకే వేలాడాలి. ఊడిపోయిన ఆ చిన్న ముక్కని ఏరడం ఎవరి వల్లా కాదు, చివరికి మోరీలో తేలుతుంది. ప్యాకెట్ కడిగి బట్టల దండేనికి తగిలించండి, ఆరిన పాల ప్యాకెట్ ఎవరైనా కొంటారు.

ప్యాకింగ్_పెదనాన్న

నేను ప్యాకింగ్ ఫిల్మ్ పరిశ్రమలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. పై తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. దానికి కొంచెం పూర్వకథ కలుపుతాను, విసుగనిపిస్తే దాటేయండి.

అమ్మా, ఆ అంకె మీకోసం పుట్టింది కాదు. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘంవాళ్లు పెట్టుకున్న కోడ్ అది. ఇది ఏ రకం ప్లాస్టిక్ అనేది మాత్రమే చెప్తుంది. 1 పెట్, 2 గట్టి పాలిథీన్, 3 పీవీసీ, 4 మెత్తటి పాలిథీన్, 5 పీపీ, 6 థర్మకోల్ జాతి, 7 అంటే "మిగతావన్నీ". అంటే 7 అనేది రకం కాదు, రకాలకి అందనివన్నీ పడేసిన గంప. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ అంకె చుట్టూ బాణాలు పెట్టారు. ఆ బాణాలు అప్పటికే రీసైక్లింగ్ గుర్తుగా జనానికి తెలుసు. 1970లో ఒక పోటీ కోసం గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి గీసిన బొమ్మ అది. జనం అంకెని వదిలేసి బాణాలు చదివారు. ఏ ప్లాస్టిక్ చేసేవాడికైనా ఇంతకంటే అనుకూలమైన అపార్థం ఏముంటుంది! 2013లో అమెరికా ప్రమాణాల సంస్థ బాణాలు తీసేసి మామూలు గీతల త్రికోణం పెట్టమంది. కానీ సీసాలూ డబ్బాలూ పోసే అచ్చు ఒకసారి చేయిస్తే ఏళ్ల తరబడి వాడతారు, గుర్తు మార్చడానికని ఎవరూ కొత్త అచ్చు చేయించరు. అందుకే మీ బాల్కనీలో ఇంకా బాణాలే ఉన్నాయి.

బుట్టలో చెత్త వేసే మనిషి బొమ్మకి రీసైక్లింగ్‌తో సంబంధమే లేదు, "రోడ్డు మీద పడేయకు నాయనా" అని అర్థం, అంతే. దిగుమతి చాక్లెట్ల మీద రెండు బాణాలు ఒకదాన్నొకటి చుట్టుకున్న గుండ్రటి గుర్తు కనపడితే అది జర్మనీలో 1991లో మొదలైన గ్రీన్ డాట్ (మన శాకాహారం ఆకుపచ్చ చుక్క కాదు). చెత్త సేకరణ ఖర్చుకి ఆ కంపెనీ డబ్బు కట్టిందని దాని అర్థం. ఆ కవరు రీసైకిల్ అవుతుందని కాదు. "రీసైకిల్డ్" అంటే పాత ప్లాస్టిక్‌తో చేసింది, "రీసైక్లబుల్" అంటే ఇకముందు చేయడానికి వీలున్నది. ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోయేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ.

ఇక మన చట్టం. 2016 ప్లాస్టిక్ చెత్త నిబంధనల ప్రకారం క్యారీ బ్యాగు మీద తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం ఉండాలి. పొరల ప్యాకెట్ మీద పేరూ, నంబరూ. ఇవన్నీ ఎవరు చదవడానికి? తనిఖీకి వచ్చే ఆఫీసరు చదవడానికి. ఇంట్లో ప్యాకెట్ ఖాళీ చేసి చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషికి "దీన్ని ఎక్కడ వేయాలి" అని చెప్పే మాట అందులో ఒక్కటీ లేదు.

మట్టిలో కలిసే కవరు గురించి కూడా. నిజంగా కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కి ఐఎస్ 17088 అనే ప్రమాణం ఉంది, దాని పరీక్ష 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి వేడి నిలిచే కంపోస్టు ప్లాంటు లెక్కన చేస్తారు. మీ టెర్రస్ డ్రమ్ముకి అంత వేడి రాదు. ఆ నంబరు లేకుండా ఉత్త ఆకు బొమ్మ మాత్రమే ఉంటే అసలు నమ్మక్కర్లేదు.

మీ అత్తగారి ప్రశ్న మాత్రం మా పరిశ్రమ మొత్తాన్ని నిలదీసేది. ఆకుపచ్చ చుక్క ఎందుకు పనిచేసింది? అన్ని కంపెనీలకీ ఒకటే గుర్తు, పెట్టకపోతే సరుకు అమ్మడానికి వీల్లేదు. పైగా రంగులు తేడా తెలియనివాళ్లకి ఇబ్బందని మాంసాహారం చుక్కని తర్వాత త్రికోణంగా మార్చారు. అంత ఆలోచించగలిగారు మరి. ఒకప్పుడు నేను పనిచేసిన చోట, పేరెందుకు లెండి, ప్యాకెట్ వెనక "పొడి చెత్తలో వేయండి" అని తెలుగులో, హిందీలో ఒక లైను వేద్దామన్నాను. స్థలం లేదన్నారు. అదే నెల ముందువైపు పావు వంతు మింగేసిన "20 శాతం ఎక్స్‌ట్రా" నక్షత్రానికి మాత్రం స్థలం దొరికింది.

మొండిఘటం_ఉప్పల్

మీరంతా లేబుల్, లేబుల్ అంటుంటే నాకు నవ్వొస్తోంది. 2015లో నగరమంతా ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పంచారు. తడిది ఆకుపచ్చలో, పొడిది నీలంలో. ఇంతకంటే క్లియర్ లేబుల్ ఏం కావాలి? మా వీధిలో ఒకావిడ నీలం డబ్బాలో బియ్యం పోసుకుంది. నేను రెండూ వేరుగా ఇస్తే చెత్త ఆటో అబ్బాయి నా కళ్లముందే రెండూ ఒకే గుట్ట మీద బోర్లించాడు. అడిగితే "సార్, మధ్యలో అడ్డం చెక్క విరిగిపోయింది" అన్నాడు. ఆ తర్వాత అది జవహర్‌నగర్ డంప్‌యార్డుకి పోతుంది. అక్కడికి పోయాక మీ అంకె 5 అయితేనేం, 7 అయితేనేం.

కవర్ల మందం సంగతి కూడా అంతే. ముందు 75 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. కూరగాయల బండి దగ్గర నిలబడి మైక్రాన్లు కొలిచే మొనగాణ్ణి చూపించండి, దండేసి దండం పెడతా. గుర్తులు బాగు చేసే ముందు ఆటోలో ఆ చెక్క బాగు చేయమనండి.

రెడింగ్_నుంచి_రాజు

మొండిఘటం అన్నా, మీ కోపం కరెక్టే కానీ సగమే కరెక్టు. నేను ఎనిమిదేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నా, మాది వనస్థలిపురం. ఇక్కడ 2009 నుంచి ప్యాకెట్ మీద ఓపీఆర్ఎల్ (ఆన్-ప్యాక్ రీసైక్లింగ్ లేబుల్) అని ఒక లేబుల్ వాడుతున్నారు. మొదట్లో "రీసైకిల్ చేయండి", "చేయకండి" మధ్యలో "మీ ఊళ్లో కనుక్కోండి" అనే మూడో రకం కూడా ఉండేది. ఎవడు కనుక్కుంటాడు? నేనైతే ఒక్కసారి కూడా కనుక్కోలేదు. 2020లో ఆ మధ్యరకం తీసేసి రెండే ఉంచారు: వేయి, వేయకు. వేయకు అంటే గుర్తు మీద అడ్డగీత.

నాకు నచ్చింది ఆ లేబుల్ ఇచ్చే పద్ధతి. ఆ ప్లాస్టిక్‌ని సిద్ధాంతం ప్రకారం కరిగించొచ్చా అని కాదు వాళ్లు అడిగేది. దేశంలో 75 శాతం స్థానిక కౌన్సిళ్లు దాన్ని నిజంగా సేకరిస్తున్నాయా, తర్వాత అది వేరు పడి అమ్ముడుపోతోందా అని చూస్తారు. అప్పుడే "రీసైకిల్" అని రాసుకోనిస్తారు. అంటే ఆటోలో చెక్క విరిగి ఉంటే లేబుల్ రాదు. కాలిఫోర్నియాలో కూడా 2021లో ఇలాంటి లెక్కతోనే చట్టం చేశారు, 60 శాతం జనాభాకి సేకరణ సౌకర్యం లేని వస్తువు మీద ఆ బాణాలు వేసుకోకూడదని. లేబుల్‌కీ బండికీ ముడిపెట్టారన్నమాట.

అయినా ఇక్కడ అంతా స్వర్గమేం కాదు. పలచటి కవర్లు ఇంటి దగ్గర తీసుకోరు, పెద్ద సూపర్‌మార్కెట్‌కి పట్టుకెళ్లి ఇవ్వమని లేబుల్ మీదే ఉంటుంది. మా ఇంట్లో అవి కిచెన్ అలమరలో ఉండలు ఉండలుగా పేరుకుపోయి, తలుపు తీస్తే మీద పడతాయి. కానీ పోయిన వేసవిలో అమ్మ వచ్చి ఆర్నెల్లుంది. ఇంగ్లీషు చదవలేదు. రెండో వారానికల్లా అడ్డగీత ఉన్నది ఒక వైపు, లేనిది ఒక వైపు పెట్టేసి, తప్పు వేసిన నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

మొండిఘటం_ఉప్పల్

బండి లేకపోతే లేబుల్ ఇవ్వకూడదన్న పాయింటు మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నా. అయితే మన దగ్గర చిప్స్ మీద, షాంపూ సాచెట్ మీద, సగం సరుకుల మీద అడ్డగీత వేయాలి. ఏ కంపెనీ వేస్తుంది చెప్పండి?

ప్యాకింగ్_పెదనాన్న

తనంత తాను ఏదీ వేయదు, బాబూ. ఆకుపచ్చ చుక్క కూడా ఎవరూ ముచ్చటపడి వేసింది కాదు.

ఇప్పుడు కొత్తగా ఇంకో దారి వచ్చింది. 2025 జులై 1 నుంచి ఈ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వివరాలు ప్యాకెట్ మీద అచ్చువేయడానికి బదులు బార్‌కోడ్‌లోనో క్యూఆర్ కోడ్‌లోనో పెట్టుకోవచ్చని నిబంధన మార్చారు. లెక్కలు చూసేవాళ్లకి మంచిదే, కంపెనీ ఎంత ప్లాస్టిక్ బజార్లోకి వదిలిందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. కానీ చేతికి సాంబారు అంటుకుని చెత్తబుట్ట ముందు నిలబడ్డ మనిషి ఫోను తీసి కోడ్ స్కాన్ చేస్తాడా? బొటనవేలితో నొక్కి ఏరే ఆ పెద్దమ్మ చేస్తుందా? ఎక్కడ వేయాలో చెప్పే గుర్తు కంటికి కనపడాల్సిందే. నన్నడిగితే కొత్త బొమ్మ కూడా అక్కర్లేదు. డబ్బాల రంగులు జనానికి ఎలాగూ తెలుసు (అందులో బియ్యం పోసుకున్నా సరే, పొడి డబ్బా అని తెలిసే పోసుకుంది ఆవిడ). ప్యాకెట్ మీద ధర పక్కన రూపాయి బిళ్లంత నీలం చుక్క. అమ్ముడుపోనిదైతే అదే చుక్క మీద అడ్డగీత. ధర ఎలాగూ ప్రతివాళ్లూ చూస్తారు.

భోలక్‌పూర్_గోదాం

పెదనాన్నా, చుక్కతో పాటు ఇంకోటి కూడా రాయించండి: "పై తొడుగు తీసేయండి". కొన్ని జ్యూస్ సీసాలకి మెడ నుంచి అడుగు దాకా బిగుతుగా రంగుల తొడుగు ఉంటుంది చూడండి. అది పీవీసీ అయితే సీసా ముక్కతో పాటే నీళ్లలో మునుగుతుంది, తేలదు, వేరు పడదు. పెట్ కరిగే వేడికి పీవీసీ మాడిపోయి లాట్ మొత్తం పసుపు పచ్చగా అయిపోతుంది. సీసా అడుగున మాత్రం దర్జాగా 1 అని ఉంటుంది. అంకె అబద్ధం కాదు, తొడుగు సంగతి అది చెప్పదు, అంతే. మట్టిలో కలిసే కవర్లతోనూ ఇదే గొడవ, మామూలు కవర్లలో కలిస్తే చేత్తో కనిపెట్టలేం, దానా చెడిపోతుంది.

శ్రావణమేఘం (మియాపూర్)

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అంకెల చార్టు చింపేశాను. పెదనాన్నగారి చుక్క వచ్చేదాకా ఆగలేను కాబట్టి మా అత్తయ్య ఐడియా ఒకటి అమలు చేశాం. పాత ప్లైవుడ్ ముక్క తీసుకుని, కడిగి ఆరబెట్టిన అసలు ప్యాకెట్లే దాని మీద స్టేప్లర్‌తో కొట్టాం. ఎడమ వైపు నీళ్ల సీసా (తొడుగు ఊడదీసి), మూత, షాంపూ సీసా, పాల ప్యాకెట్ మూల వేలాడుతూ, బిర్యానీ డబ్బాలు మూడు ఒకదాంట్లో ఒకటి. పైన "కబాడీ అన్నకి" అని రాశాం. కుడి వైపు చిప్స్, సాచెట్, ఆకు బొమ్మ కవరు, వాటి మీద స్కెచ్ పెన్నుతో ఎర్ర అడ్డగీత, పైన "నీలం డబ్బాలో, అమ్ముడుపోదు". రెండు రోజుల్లో పనమ్మాయిలు, వాచ్‌మన్ పిల్లలు కూడా అది చూసి వేస్తున్నారు. 402వాళ్లు మాత్రం ఇంకా అన్నీ ఒకే కవర్లో కట్టి దింపుతున్నారు, వాళ్ల సంగతి తర్వాత చూస్తా.

ఆటో వచ్చేసరికి కింద నేనే నిలబడి పొడిది చేత్తో అందిస్తున్నా, మొండిఘటం గారూ. చెక్క మా ఆటోలోనూ లేదు. ప్రస్తుతానికి ఒక గోనెసంచి కట్టించాను.

ఒక్క డౌటు మిగిలింది. టూత్‌పేస్టు ట్యూబు ఏ వైపు కొట్టాలి? మా ఇంట్లోవాళ్లు రెండు కంపెనీలవి వాడతారు, రెండిటి మీదా ఏ గుర్తూ లేదు.

భోలక్‌పూర్_గోదాం

కత్తెరతో నిలువుగా కోసి లోపల చూడండి మేడం. వెండి రంగు పొర కనపడితే చిప్స్ పక్కన కొట్టేయండి. తెల్లగా ఉంటే అందులో కూడా పొరలు ఉండొచ్చు, కడిగి ఒకటి దాచి మీ కబాడీ అన్న చేతికిచ్చి నొక్కమనండి. ఆయన ఏమన్నాడో ఇక్కడ రాయండి.